అరవై ఆరు చుట్లు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాలుగు ప్లేట్లున్న ఒక పాటల ఆల్బంకి పదికి మూడు మార్కులు వేసి పత్రికకు పంపినప్పుడు, అందులో నాలుగో ప్లేటు నేను అసలు వినలేదు.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. స్కూలు ఫైనలు ప్యాసై ఇంట్లోనే ఉన్నాను. విజయవాడ నుంచి వచ్చే ఒక వారపత్రికలో ‘కొత్త ప్లేట్లు’ అని ఒక శీర్షిక ఉండేది. గ్రామఫోను రికార్డుల్ని మా వైపు అందరూ ప్లేట్లనే అనేవారు. ఏ ఊరి పాఠకులైనా సరే, కొత్తగా వచ్చిన ప్లేటు విని, దాని గురించి పది వాక్యాలు రాసి, పదికి మార్కులు వేసి పంపవచ్చు. నచ్చితే అచ్చు వేసేవారు. నేను ‘నూజివీడు శ్రోత’ అని సంతకం పెట్టి పంపేదాన్ని. ఏడాది తిరిగేసరికి వారం విడిచి వారం ఆ సంతకమే కనిపించేది. చుట్టాలొస్తే వంటింట్లోంచి బయటికి రాని పిల్లను నేను. ఆ శ్రోత నేనేనని మా అమ్మక్కూడా తెలియదు.

మా ఇంట్లో గ్రామఫోను లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. మా ప్రహరీకి అవతల మైకు సెట్టు కొట్టు ఉండేది. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ మైకు అద్దెకిచ్చే ఆ కొట్టాయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. కొత్త ప్లేటు ఏది తెచ్చినా మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకటి రెండుసార్లు వేసి చూసుకునేవాడు. మా పెరటి అరుగు మీద కూర్చుంటే ముల్లు ప్లేటు మీద ఆనిన చప్పుడుతో సహా వినపడేది.

మార్కులు వెయ్యడానికి నాకొక పద్ధతి ఉండేది. మొదటిసారి విన్నప్పుడు కలం పట్టేదాన్ని కాదు. రెండోసారి విని డైరీలో రాసుకునేదాన్ని. మూడోది వినడం కాదు. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఆ పాట దానంతట అదే నోట్లోకి వస్తే ఒక మార్కు కలిపేదాన్ని. మామిడి రోజుల్లో ఇంకో పరీక్ష ఉండేది. మా మేనమామ కౌలుకు తీసుకున్న తోటలో ఆడవాళ్ళు పాకలో కూర్చుని రసాలు ఏరి, వరిగడ్డి పరిచిన గంపల్లో సర్దుతూ పాటలు పాడుకునేవారు. వారం దాటాక కూడా పాడుతుంటే ఆ పాటకు ఎనిమిదికి తక్కువ వేసేదాన్ని కాదు. వాళ్ళలో పెద్దామె ఒకావిడ నాకంటే మంచి విమర్శకురాలు. ఒకసారి ఒక కొత్త పాట గురించి, “బానే ఉందమ్మాయిగారూ, కానీ దీనికి చేతులు కదలవు. కాయ పట్టుకుని అట్టా కూకోవాలనిపిస్తది,” అంది. అదే మాట నా భాషలో రాసి పంపాను. అచ్చయింది.

ఆ ఏడు మే నెలలో బాబాయ్ ఒక కొత్త వస్తువు తెచ్చాడు. ఫోటోల ఆల్బం లాంటి అట్టపెట్టె, అందులో పేజీల్లా నాలుగు సంచులు, ఒక్కో సంచిలో ఒక ప్లేటు. మొత్తం ఎనిమిది పాటలు. హనుమాన్ జంక్షన్ దగ్గర మిషను బడిలో సంగీతం చెప్పే టీచరమ్మ, తన విద్యార్థినుల చేత పాడించి, మద్రాసు వెళ్ళి రికార్డు చేయించిన భక్తి పాటలవి.

ఆ మధ్యాహ్నం మూడు ప్లేట్లు వేశాడు. నాలుగోది తీస్తుండగా విస్సన్నపేట నుంచి పెళ్ళివారు వచ్చారు. ఆయన గ్రామఫోను, బాకా, బ్యాటరీ సర్దుకుని బస్సెక్కేశాడు. మర్నాడు తపాలా కట్టేలోగా నా ఉత్తరం పడకపోతే ఆ వారం సంచికకు అందదు. విన్న ఆరు పాటలూ బరువుగా, ఈడుస్తున్నట్టు ఉన్నాయి. మిగిలిన రెండూ అంతే ఉంటాయిలే అనుకున్నాను. ‘ఆడపిల్లల గొంతుల్లో లేతదనం లేదు. పాట మోకాలి లోతు బురదలో నడిచింది’ అని రాసి, మూడు మార్కులు వేసి డబ్బాలో పడేశాను. బురద వాక్యం చూసుకుని చాలా సంతోషించాను కూడా.

పత్రిక వచ్చిన పది రోజులకు ఆ టీచరమ్మే బాబాయ్ కొట్టు ముందు బస్సు దిగింది. తెల్లచీర, నల్ల గొడుగు, చేతిలో మడిచిన పత్రిక. నేను అరుగు మీద మినప్పప్పు చెరుగుతున్నాను. గోడ పొట్టిది. ఆవిడ మాటలన్నీ వినపడుతున్నాయి.

“నూజివీడులో నా పెట్టె కొన్నది మీరొక్కరేనండి. కాబట్టి ఈ రాసినాయన మీ కొట్లోనే విని ఉండాలి. ఎవరండీ ఆయన?”

“నాకేం తెలుసండీ టీచరుగారూ. దారిన పోయేవాళ్ళు బోల్డుమంది వింటారు. నేనెవర్ని ఆపుతానండి?”

“దెబ్బలాడ్డానికి రాలేదండి. ఇది చదివి జంక్షన్‌లో మైకు సెట్టాయన పెట్టె వెనక్కిచ్చేశాడు. బాపులపాడాయన అసలు తీసుకోనన్నాడు. ఈ పెట్టెలు ఈ చుట్టుపక్కల అమ్ముడుపోతేనే కంపెనీ వాళ్ళు డిసెంబరులో రెండోది చేస్తామన్నారు. మా పిల్లలు అప్పుడే పాటలు నేర్చేసుకుంటున్నారు. వాళ్ళకేం చెప్పమంటారు? మా పాటలో బురద ఎక్కడుందో నాక్కూడా వినిపించండి, దిద్దుకుంటాం.”

నా చేతిలో చేట ఆగిపోయింది. ఆ వాక్యం ఇంకొకరి నోటి వెంట వింటే ఇంత వెటకారంగా ఉంటుందని నాకు తెలియదు.

బాబాయ్ కీ తిప్పి మొదటి ప్లేటు వేశాడు. ఆవిడ రెండు లైన్లు విని చెయ్యెత్తింది.

“ఇది మా పిల్లల గొంతు కాదండీ. వాళ్ళ నాయనల గొంతు.”

అప్పుడావిడ చేసిన పని నేనింకెక్కడా చూడలేదు. పత్రిక అంచు చిన్న ముక్క చింపి, తడిచేసి, ప్లేటు మధ్యనున్న కాగితం మీద అంటించింది. ప్లేటు తిప్పమని, చేతి గడియారం చూస్తూ ఆ ముక్క తన ముందుకు వచ్చినప్పుడల్లా వేలితో బల్ల మీద కొట్టింది. ఒక నిమిషం.

“అరవై ఆరు,” అంది. “డెబ్బై ఎనిమిది చుట్లు తిరగాలండీ ఇది. స్పీడు ఎవరు తగ్గించారు?”

బాబాయ్ మెడ గోక్కున్నాడు. “నేనేనండి. నాలుగైదేళ్ళయింది. పెళ్ళిళ్ళలో మూడు నిమిషాలకోసారి ప్లేటు మార్చాలంటే ముద్ద దిగదండి. స్క్రూ కొంచెం బిగిస్తే అరనిమిషం కలిసొస్తది. ఆ అరనిమిషంలో పెరుగన్నం అయిపోద్ది. ఎవరూ ఏమీ అన్లేదండి ఇన్నేళ్ళూ.”

ఎవరంటారు? ఊరంతా ఆయన మైకులోనే పాటలు విన్నాం. సాయంత్రం పంచాయతీ రేడియోలో అవే పాటలు చకచకా వస్తుంటే, వార్తల వేళకు అందుకోవాలని రేడియోవాళ్ళు తొందరపెడుతున్నారని నేను నిజంగా నమ్మేదాన్ని. డైరీలో నేను ‘గంభీరమైన గొంతు’ అని మెచ్చుకున్న వాళ్ళందరూ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగారు.

ఆయన స్క్రూ వదులు చేశాడు. ఆవిడ మళ్ళీ లెక్కపెట్టింది. సరిపోయాక, “ఇప్పుడు వెయ్యండి. అన్నీ వెయ్యండి,” అని స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆ పిల్లలు పన్నెండు, పదమూడేళ్ళ వాళ్ళయి ఉంటారు. గొంతులు పచ్చి మామిడి పిందెల్లా కరకరలాడుతున్నాయి. నాలుగో ప్లేటు రెండో వైపు ఒక లాలిపాట ఉంది. ఒక్క పిల్ల మొదలుపెడితే మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరుతారు. అది నేను వినడం అదే మొదటిసారి. తప్పంతా గ్రామఫోను మీదికి పోయి నేను బతికిపోయానని తెలుస్తూనే ఉంది.

చేట కింద పెట్టి, వీధి వాకిలి చుట్టూ తిరిగి కొట్లోకి వెళ్ళాను. అంతవరకు ఆ గడప తొక్కలేదు. “నేనేనండీ రాసింది,” అన్నాను.

బాబాయ్ నోరు తెరిచాడు. “మా అమ్మడా? కూర కావాల్సొచ్చినా గోడ మీంచి సైగ చేసే పిల్లండీ ఇది.”

టీచరమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. “మీసాలు, కళ్ళజోడు ఉన్న ముసలాయన్ని అనుకుంటూ వచ్చాను. ఆయన కోసం పెద్ద పెద్ద మాటలు తయారు చేసుకున్నా, అన్నీ వేస్టు. సరే కూర్చోమ్మా. ఇప్పుడెన్ని?”

“ఏడండి.”

“మిగతా మూడూ ఏమయ్యాయి?”

“రెండో ప్లేటులో హార్మోనియం పిల్లల్ని మింగేసిందండి. అయిదో పాటలో చివరి చరణం అందరూ ఊపిరి చాలక పాడినట్టుంది.”

ఆవిడ సంచిలోంచి పెన్సిలు తీసి పత్రిక మార్జిన్‌లో రాసుకుంది. “హార్మోనియం నాదే,” అంది.

ఆ రాత్రే కొత్తగా రాశాను. మా ఊరి గ్రామఫోను సంగతి, పెరుగన్నం సంగతి, ఏదీ దాచలేదు. నాలుగో ప్లేటు సంగతి తప్ప. పత్రికవాళ్ళు దాన్ని చుట్టూ గీతలు గీసి ప్రత్యేకంగా వేశారు. జంక్షన్ ఆయన పెట్టె మళ్ళీ తీసుకున్నాడట. ఆయన ఏదైనా నలుగురూ బాగుందంటేనే రుచి చూసే రకం. మా ఊళ్ళో మాత్రం నెల్లాళ్ళు గొడవే. పాటలు కుక్కలు తరిమినట్టు పరిగెడుతున్నాయని ఒక పెళ్ళివారు బాబాయ్‌ని నిలదీశారు. తోటలో పెద్దామె మాత్రం, “ఇప్పుడు చేతులు కదుల్తున్నాయమ్మాయిగారూ,” అంది. నేను డైరీ ముందేసుకుని ఏడాది మార్కులన్నీ కొట్టేసి మళ్ళీ వేశాను.

క్రిస్మస్ దాటాక రెండో పెట్టె వచ్చింది. టీచరమ్మే తెచ్చింది. ఆవిడకు గుంటూరు వైపు బదిలీ అయిందట, సామాను ముందే వెళ్ళిపోయిందట. పెట్టె బాబాయ్‌కి కాదు, నా చేతికిచ్చింది. బస్సు దాకా నడిచాను. దారిలో ఎన్ని మార్కులు పడతాయని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక నన్ను దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది.

“ఈ పెట్టెలో ఎనిమిది పాటల్లో ఒకచోట నేను హార్మోనియం శుద్ధ తప్పుగా వాయించానమ్మా. కంపెనీవాళ్ళు పట్టుకోలేదు, మా పిల్లలూ పట్టుకోలేదు. ఎక్కడో నేను చెప్పను. నువ్వు పట్టుకుని అచ్చులో వెయ్యి, చూద్దాం.”