నాచారం ఇంగ్లిషు హీరో

నా చిన్నప్పుడు మా నాచారంలో ఒక ఇంగ్లిషు హీరో ఉండేవాడు. పొద్దున్నే లుంగీ పైకి మడిచి కట్టుకుని, చేతిలో పాల ప్యాకెట్లతో మా గల్లీలో నడిచి వచ్చేవాడు. సన్నటి మనిషి, పొట్టి, ముందు జుట్టు ఎప్పుడో రాలిపోయింది. రేషన్ షాపు వరసలో మీ ముందు నిలబడితే మీరు రెండోసారి చూడరు. నోరు విప్పితే మాత్రం గల్లీ చివరి ఇస్త్రీ బండి దాకా వినిపించేది. ఆయన్ని మేము వెనక పోర్షన్ మామ అనేవాళ్లం. ఇంగ్లాండులో పేరున్న ఒక నటుడి సినిమాలు తెలుగులోకి వచ్చినప్పుడల్లా ఆ నటుడికి గొంతు ఇచ్చేది ఆయనే. ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆరడుగుల తెల్లదొర గుర్రం దిగి, ప్రాణం పోయినా ఈ కోట వదలనని గర్జిస్తే, సాయంత్రం అదే గొంతు వెనక పోర్షన్ నుంచి, నల్లా వచ్చింది, బిందెలు పెట్టుకోండని పిలిచేది. మాకు ఆ రెండిటిలో ఏదీ వింతగా ఉండేది కాదు.

ఆ ఇంట్లో మూడు పోర్షన్లు. పైన ఓనర్ వాళ్లు, ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. కింద ముందు భాగంలో మేము. మాది భువనగిరి దిక్కు. నాన్న నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వెనక భాగంలో మామ, అత్త. ఓనర్ వాళ్ల అమ్మాయీ నేనూ ఒకే బడి, ఒకే తరగతి. పొద్దున పోట్లాడుకుని సాయంత్రానికి తొక్కుడుబిళ్ల ఆడుకునేవాళ్లం. ఒకే నల్లా నీళ్లు తాగి పెరిగినా దాని మాట వేరు, నా మాట వేరు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ తేడా మా ఇద్దరికీ పట్టలేదు.

మామ ఆ నటుణ్ని ఎప్పుడూ పేరుతో పిలిచేవాడు కాదు. మావోడు అనేవాడు, పెద్దమ్మ కొడుకు గురించి చెప్పినట్టు. మావోనికి ఈసారి విలన్ వేషం దొరికింది, మావోడు ముసలోడు అవుతున్నాడు, ఇక దగ్గు సీన్లు ఎక్కువైతయి, నా గొంతు పాడైతది అని బాధపడేవాడు. ఆ నటుడి గురించి ఇంగ్లిషు పేపర్లో ఏ ముక్క పడినా ఓనర్ అంకుల్‌తో చదివించుకుని వినేవాడు. తన పని ఎట్లా ఉంటుందో మమ్మల్ని అద్దం ముందు నిలబెట్టి చూపించేవాడు. అమ్మ అనాలంటే పెదవులు కలవాలి, నాన్న అనడానికి అక్కర్లేదు. ఇంగ్లిషువాడు పెదవులు కలిపినచోట మనమూ కలపాలి, వాడు ఊపిరి తీసినచోట మనమూ తీయాలి. రోజూ ఆయన బస్సు దిగి వచ్చే వేళకు నేను గేటు దగ్గర నిలబడి, "మామా, ఇయ్యాల ఎవర్ని సంపినవ్?" అని అడగటం, ఆయన వేళ్లు మడిచి లెక్క చెప్పటం మా ఇద్దరికీ అలవాటు.

నేను ఆరో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి మా తెలుగు టీచర్ ఒక నాటకం రాసింది. ఏ తప్పూ చేయని కొడుకును రాజు చెరలో వేయిస్తే, తల్లి వచ్చి నిలదీసే కథ. నా గొంతు పెద్దదని తల్లి వేషం నాకే ఇచ్చింది. కాగితంలో ఉన్న మాట "ఏమిటి ప్రభూ, ఇదేనా మీ న్యాయం?" అని. చదివినప్పుడు సరిగ్గానే చదివాను. రిహార్సల్‌లో చెయ్యి చాచి, కోపం తెచ్చుకుని అనేసరికి నా నోట "ఏంది ప్రభూ, గిదేనా మీ న్యాయం?" అని వచ్చింది. కోపం వస్తే మా ఇంట్లో ఎవరికైనా అట్లాగే వస్తుంది మరి. రాజు, మంత్రి, భటులు అందరూ కడుపు పట్టుకుని నవ్వారు.

టీచర్ చెడ్డది కాదు. ఓపికగా మళ్లీ మళ్లీ దిద్దింది. ఎన్నిసార్లు చెప్పించినా కోపం దగ్గరికి వచ్చేసరికి ఏంది అనే పడుతుంటే, చివరికి ఆమెకూ నవ్వు ఆగలేదు. నన్ను దగ్గరికి తీసుకుని, నువ్వు ద్వారపాలకుడి వేషం వేయమ్మా, నీ మాటకు జనం పడీపడీ నవ్వుతారు అంది. ఆమె దాన్ని మెచ్చుకోలుగానే అంది. ఆ రోజుల్లో సినిమాలో మా మాట వినిపించిందంటే మాట్లాడేది రౌడీ అయినా కావాలి, నవ్వించేవాడైనా కావాలి. ఆమె చూసిందీ అదే, మేము చూసిందీ అదే. తల్లి వేషం ఓనర్ వాళ్ల అమ్మాయికి వెళ్లింది. నాకు మాత్రం ఒక పేరు మిగిలింది. మంచినీళ్ల ట్యాంకు దగ్గర, మెట్ల మీద, బడి ఆటోలో, ఎక్కడ కనిపించినా "ఏంది ప్రభూ" అని పిలిచేవాళ్లు. అందరికంటే గట్టిగా పిలిచింది మా ఓనర్ వాళ్ల అమ్మాయే.

ఆ దెబ్బతో నేను మాట్లాడటం మానేశాను. బడిలో పేరు పిలిస్తే చెయ్యి ఎత్తేదాన్ని, ఇంట్లో తల ఊపేదాన్ని. నాయనమ్మ ముందు పంటి నొప్పి అనుకుని బుగ్గన లవంగం పెట్టింది. తర్వాత దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పిపోసింది. నాటకం మానేస్తానని, అవసరమైతే బడే మానేస్తానని నేను లోపల్లోపలే తీర్మానం చేసుకున్నాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు నిజంగానే అనుకున్నాను. నోరు విప్పితే నవ్వులపాలయ్యేచోట మూగదానిలా ఉండటమే సుఖం అనిపించింది.

కనిపెట్టింది మామ. గేటు దగ్గర నేను కనిపించకపోయేసరికి లోపలికే వచ్చి, ఈ రోజు ఎవర్నీ చంపలేదు, అందుకే అడగటం లేదా అన్నాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. సంగతంతా ఓనర్ వాళ్ల అమ్మాయిని అడిగి తెలుసుకున్నాడట. దాన్ని తిట్టలేదు, నన్ను ఓదార్చలేదు. ఆదివారం ఇద్దరినీ సినిమాకు పిలిచాడు. సినిమా ఎక్కడో కాదు, మా ఇంట్లోనే. వీసీడీ ప్లేయర్ మాకే ఉండేది.

ఆ రోజు డిస్కు పెట్టేముందు మామ తన నటుడి కథ మొదటిసారి పూర్తిగా చెప్పాడు. ఆయన పుట్టింది లండన్‌లో కాదట. ఇంగ్లాండుకు ఉత్తరాన, మన నాచారంలాగే పొగగొట్టాలున్న ఊరట. తండ్రి బట్టల మిల్లులో కూలీ. నటుడు అవుదామని లండన్ వెళ్తే, నీ మాట నౌకర్లకూ తాగుబోతులకూ తప్ప పనికిరాదన్నారట. మొదట్లో అన్నీ అవే వేషాలు. నోరు తెరిస్తే జనం నవ్వేవాళ్లు. ఆయన పట్టుబట్టి లండన్ మాట నేర్చుకున్నాడు. రాజులు, దొరలు, సేనాపతులు అయ్యాడు, అమెరికా దాకా వెళ్లాడు. జుట్టు నెరిసిన తర్వాత, ఇక చాలు అనుకుని, తానే ఒక సినిమా తీశాడు. తన ఊళ్లోనే తీశాడు. అందులో తాను మిల్లు కూలీ వేషం వేసుకుని, మొదటిసారి తన ఊరి మాట మాట్లాడాడు. ఆ సినిమాకు అక్కడివాళ్లు నవ్వలేదట.

ఆ సినిమాయే తెలుగు చేయటానికి మామ దగ్గరికి వచ్చింది. ఆయన తన ఊరి మాట మాట్లాడుతుంటే నేను మాత్రం ఎందుకు పుస్తకం మాట మాట్లాడాలి, మన మాటలో చెప్తానని అడిగాడట. హీరో అట్లా మాట్లాడితే జనం నవ్వుతారండీ అన్నారట స్టూడియోవాళ్లు. మామ వాళ్లతో వాదించలేదు. వాళ్లు రాసిచ్చింది చక్కగా చెప్పి ఇంటికి వచ్చాడు. ఇదంతా చెప్పి, రిమోట్ తీసుకుని టీవీ గొంతు నొక్కేశాడు.

తెర మీద మధ్యాహ్నం. పొగ పట్టిన గోడల ఇల్లు. మామ గొంతిచ్చే నటుడు, దొర బట్టలు లేకుండా, నలిగిన చొక్కాతో టిఫిన్ డబ్బా పట్టుకుని లోపలికి వచ్చాడు. మిల్లు మూతపడిందనీ, ఆయన పని పోయిందనీ మామ ముందే చెప్పాడు. ఇంట్లో చిన్న కూతురికి ఆ సంగతి తెలియదు. నాన్నా, ఇంత తొందరగా వచ్చావేంటి అని అడుగుతుంది. మామ మా గోడకు ఆనుకుని నిలబడి, తెరమీద పెదవులు కదిలిన క్షణంలోనే మాట అందుకున్నాడు.

"ఇయ్యాల సైరన్ జల్ది కొట్టిన్రు బిడ్డా."

ఓనర్ వాళ్ల అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఉన్నమాట చెప్తున్నాను, నాకూ నవ్వొచ్చింది. నీలికళ్ల తెల్లమనిషి మా నాన్న మాట్లాడినట్టు మాట్లాడుతుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మామ ఆగలేదు.

"రేపటిసంది నిన్ను బడికి నేనే తోల్కపోత. రోజు పోత. నువ్వు యాష్టకొచ్చి వద్దనేదాంక పోత."

ఆ నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలియదు. ఆయన కూతురి బూట్లు విప్పుతూ ముఖం కిందికి దించుకున్నాడు. మామ గొంతు కూడా అంతే కిందికి దిగింది. పాప గంతులు వేస్తోంది, ఆయన నవ్వుతున్నాడు, ఆ నవ్వు ఎంతసేపు నిలబెట్టగలడో తెలియక మేము తెరకు దగ్గరగా జరిగాం. మా గల్లీలో ఫ్యాక్టరీ సైరన్ చప్పుడు తెలియని ఇల్లు లేదు. వక్క కత్తిరించుకుంటూ మంచం మీద కూర్చున్న మా నాయనమ్మ, ఇంగ్లిషు సినిమా అంటే అటు తిరిగి పడుకునే మనిషి, కొంగుతో కళ్లు ఒత్తుకుని అడిగింది.

"ఈ తెల్లాయనది ఏ ఊరు? మన దిక్కేనా?"

"ఔ పెద్దమ్మా, మన దిక్కే," అన్నాడు మామ.

తర్వాత నావైపు తిరిగి, ఆయన అన్న మాట ఇది: "నవ్వెటోళ్లు మొదట నవ్వుతరు బిడ్డా. నువ్వు ఆగకు. నిజం జెప్పుకుంట పో, ఆళ్లే ఆగుతరు."

నాకు తల్లి వేషం తిరిగి రాలేదు. తేవాలని మామ ప్రయత్నించనూ లేదు. మావోడు కూడా ద్వారం దగ్గర్నుంచే మొదలుపెట్టిండు అన్నాడంతే. నా వేషానికి ఉన్నవి నవ్వు మాటలు. మీసం మెలేసి, రాజు గుర్రు కొడుతున్నాడు, పో పో అని తల్లిని తరమాలి. మామా నేనూ వెనక పోర్షన్ వసారాలో కూర్చుని ఆ మాటలు మార్చుకున్నాం. మార్చిన సంగతి టీచర్‌కు చెప్పే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.

వార్షికోత్సవం రోజు షామియానా కింద కుర్చీలన్నీ నిండాయి. నాన్న పని నుంచి నేరుగా ఫ్యాక్టరీ చొక్కాతోనే వచ్చి వెనక నిలబడ్డాడు, పక్కన మామ. తెర లేచింది. తల్లి వేషంలో ఓనర్ వాళ్ల అమ్మాయి వచ్చి కోట తలుపు కొట్టింది. నేను మీసం మెలేయలేదు. "రాజు పండుకున్నడు తల్లీ," అన్నాను. నవ్వటానికి సిద్ధంగా ఉన్న జనం గొల్లుమన్నారు. మామ చెప్పింది తలచుకుని ఆగకుండా చెప్పాను. "ఎంత దూరంకెల్లి నడిచొచ్చినవో, జర కూసో. లేవంగనె నేనే చెప్త. నాకు గూడ బిడ్డలున్నరు."

షామియానా కింద నవ్వు ఆగిపోయింది. ఓనర్ వాళ్ల అమ్మాయి నా ముఖంలోకి చూసి, నాటకంలో లేకపోయినా, నేను చూపించినచోట నిజంగానే కూర్చుంది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత రాజు వచ్చాడు. అది లేచి నిలబడి, చెయ్యి చాచి, పక్క గల్లీకి వినిపించేంత గట్టిగా అంది: "ఏంది ప్రభూ, గిదేనా మీ న్యాయం?"

ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక చప్పట్ల చప్పుడు మొదలై ముందు వరస దాకా వచ్చింది. నన్ను ఏడిపించటానికి అన్ని రోజులు వాడిన మాట దాని నాలుకకే అంటుకుని జారిందో, కావాలనే అందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎన్నోసార్లు అడిగాను. నవ్వి ఊరుకుంటుంది, చెప్పదు. అదే ఇప్పటికీ నా స్నేహితురాలు. ఆ రాత్రి టీచర్ మా ఇద్దరినీ చెరో పక్కన పొదువుకుని, ఆ వాక్యం ఇక అట్లాగే ఉంచేద్దాం అంది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మామను చూడటానికి నారపల్లి వెళ్లాను. అప్పటికి అక్కడ చిన్న ఇల్లు కట్టుకున్నారు. గొంతు పని కుర్రవాళ్లకు వెళ్లిపోయింది, మావోడు కూడా వేషాలు తగ్గించుకున్నాడని చెప్పాడు. ఇప్పుడు మన మాటకు మంచి రోజులొచ్చాయి కదా మామా, ఆ సినిమా మళ్లీ నీతో చెప్పిస్తే బాగుండు అన్నాను. నాకు నిజంగానే బాధగా ఉండేది, ఆయన కోరిక తీరలేదని. ఆయన నావైపు వింతగా చూశాడు.

"చెప్పిన గద బిడ్డా, మీ ఇంట్ల. మీ నాయనమ్మ ఇన్నది."

నేను ఇప్పుడు పోచారంలో ఒక కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పుతాను. నన్ను మేడమ్ అంటారు, వెనక పెద్దమ్మ అంటారని కూడా తెలుసు. మొదటిరోజు వాళ్లలో సగంమంది నోరు మెదపరు. ఆలేరు నుంచో, తుంగతుర్తి నుంచో వచ్చి, ఏ మాట జారుతుందోనని పళ్లు బిగించుకుని కూర్చుంటారు. వాళ్లను చూస్తే నాకు బుగ్గన లవంగం గుర్తొస్తుంది. నీ పేరు, నీ ఊరు మీ నాయనమ్మకు చెప్పినట్టు నాకు చెప్పు అంటాను. ఎవరో ఒకరు తప్పకుండా నవ్వుతారు. చెప్తున్న పిల్ల బెదిరి నావైపు చూస్తుంది. ఆగకు అంటాను. ఆ ఒక్క మాట అనేటప్పుడు మాత్రం గొంతు నాది కాదు, గల్లీ చివరి ఇస్త్రీ బండి దాకా వినిపించేదే.