అద్దం లేని ఏనుగు పటం

పుంగనూరులో దేవుళ్ళ పటాలకు ఫ్రేములు కట్టే బాబు సాహెబ్ కూతురు అర్షియా. వెంకటరమణస్వామి పటమైనా, మక్కా పటమైనా ఆయన ఒకే గుడ్డతో, ఒకే భక్తితో తుడిచేవాడు. "అద్దం వెయ్యకముందే నిదానంగా సూడమ్మా. వేసినాక మన మొగమే అడ్డమొస్తాది" అనేవాడు. ఆ మాటనే మూట కట్టుకుని ఆమె మదనపల్లెలో టీచరు ట్రైనింగు చేసింది. ఇప్పుడు కుప్పం అవతల, అడవి అంచున ఒక చిన్న బడిలో మూడో తరగతికి చెప్తా ఉంది.

శనివారం చివరి పీరియడులో గోడకు ఒక బొమ్మ అతికిస్తుంది. అద్దం ఉండదు. పిల్లలు నేలమీద కూర్చుని దాన్నే చూడాల. కట్టుబాటు ఒకటే: "బాగుండాది" అనకూడదు, "బాగలేదు" అనకూడదు. ఏం కనపడిందో చెప్పాల.

నాలుగు వారాలుగా ఒకటే బొమ్మ, పాత క్యాలెండరులోది. గడ్డిలో తొండమెత్తి నిలబడిన ఏనుగు. దాన్ని తెచ్చేటప్పుడు నలిగిపోతుందని బస్సు కండక్టరు తన సీటు పక్కన పెట్టుకున్నాడు. అతికించేదానికి బడిలో వంట చేసే మంగమ్మ గంజి కాచి ఇచ్చింది.

ఐదో శనివారం, పాఠం మధ్యలో, యమున వాళ్ళ నాయన సిద్దప్ప తలుపు తోసుకుని వచ్చినాడు. ముందు రోజు రాత్రే ఏనుగులు ఆయన రాగిచేను తొక్కిపోయినాయి.

"నా నోటికాడ కూడు తీసినదాన్ని గోడకు పెట్టి నా బిడ్డతో మొక్కిస్తాండారా టీచరమ్మా? పీకేయండి!"

వెనకే హెడ్మాస్టరు రంగప్ప సారు. మెత్తని మనిషి. "తీసేయమ్మా. ఊరితో మనకు తగువు యాల?"

"తియ్యను సార్" అనింది అర్షియా. "సిద్దప్పన్నా, ఆ కోపంతోనే కూర్చోండి. బొమ్మలో ఏముండాదో చెప్పండి. తిట్టినా సరే, సూసి తిట్టండి."

"నాకు తెలీని ఏనుగా?" అంటా పిల్లల మధ్య కూలబడినాడు. మంగమ్మ మంచినీళ్ళ చెంబు ఆయన పక్కన పెట్టి పోయింది.

చాలాసేపు చూసినాడు. "మేసే ఏనుగు తొండం ఇట్ల ఎత్తదు. మనిషి వాసన పట్టింది ఇది. బెదిరింది. ఇట్ల నిలబడిందంటే దాని కాడ పిల్ల ఉండాల. గీసినోడికి ఆ మాత్రం తెలీలా. దొంగ బొమ్మ!"

"ఉండాది నాయనా!" యమున లేచింది. "కాళ్ళ సందులో సూడు. గడ్డి కాదు అది, తోక. నాకు మూడో వారం కనపడింది."

సిద్దప్ప గోడకాడికి పోయి, వంగి చూసినాడు. "థూ, నా కండ్లు!" అన్నాడు. పిల్లలు నవ్వినారు. ఆయన నవ్వలేదు.

"అయినా నా చేను పాయె గదమ్మా."

"పాయింది అన్నా. అది గూడా చెప్పండి వీళ్ళకు. ఏనుగు పోయినాక చేను ఎట్లుంటాదో."

చెప్పినాడు. అడుగుల గుంతల్లో నిలిచిన నీళ్ళు, తెగిన వెన్నుల పచ్చివాసన, గట్టుమీద కూర్చుండిపోయిన యమున వాళ్ళమ్మ. పిల్లలు బొమ్మ మీదినుంచి చూపు తిప్పకుండా విన్నారు.

గంట కొట్టినాక రంగప్ప సారు మెల్లగా అడిగినాడు. "ఇప్పుడన్నా తీసేస్తావా అమ్మా?"

"తియ్యను సార్. ఊరంతా వచ్చినా తియ్యను. వస్తే కూర్చోబెట్టి చూపిస్తాను."

సిద్దప్ప పోతా పోతా, గంజి ఊడిన బొమ్మ మూలను బొటనవేలితో గట్టిగా నొక్కినాడు. బాగుండాదని మాత్రం అనలేదు.