అత్తను బయటికి పంపి అడిగిన మాట

రెండువేల ఇరవై మూడు, పత్తి ఏరే రోజులు. నేనప్పుడు నర్మెట్ట దిక్కు ఒక సర్కారు దవాఖానల స్టాఫ్ నర్సుని. అంతకుముందు కాటారం దిక్కు, మానుకోట దిక్కు చేసి వచ్చిన. ఏండ్లకేండ్లు సూదులిచ్చిన చెయ్యి నాది.

తండా నుంచి ఆటోల ఒక పిల్లను తీసుకొచ్చిన్రు. పేరు సునీత, పెండ్లయి ఏడాది సుత కాలేదు. పత్తి చేన్ల కాలికి ముల్లు దిగితే గుంజి పారేసి, పసుపు అద్దుకొని మళ్ల పనిల పడ్డదట. ఇప్పుడు పాదం కాడికెల్లి పిక్క దాక ఎర్రగ వాచింది, ముట్టుకుంటే కాలుతున్నది. వెంట వచ్చింది అత్త మంగ్లి. గట్టి మనిషి, కోడల్ని తనే ఎత్తుకొచ్చి మంచం మీద పండవెట్టింది.

డాక్టర్ సార్ చూసి యాంపిసిలిన్ రాసిండు. పెన్సిలిన్ జాతి మందు, మా దగ్గర రోజూ వాడేదే. కానీ కొందరి ఒంటికి అస్సలు పడదు. పడకపోతే నిమిషాలల్ల గొంతు మూసుకపోతది, బీపీ పడిపోతది. దాన్నే మేము అనఫిలాక్సిస్ అంటం. అందుకే సూది పట్టేముందే అడగాలె.

"ఇంతకుముందు ఏ సూదన్న పడకుంట అయ్యిందా బిడ్డా? దద్దుర్లు, ఆయాసం గిట్ల?" అని సునీతను అడిగిన.

"ఏం లేదు సిస్టరమ్మా, అన్నీ పడ్తయి," అన్నది మంగ్లి.

"గోళీలు?"

"గోళీలు సుత పడ్తయి. జర జల్ది ఇయ్యి, పిల్ల కాలిపోతాంది."

నేను అడిగింది ఒకలను, జవాబు చెప్పింది ఇంకొకలు. ఇది కొత్తేం కాదు. అత్త పక్కనుంటే కోడలు నోరు విప్పదు. తండాలనే కాదు, మా అత్తగారింట్ల నేను సుత శానా ఏండ్లు గట్లనే ఉన్న. నేను టెస్ట్ డోస్ తయారు చేసిన, అంటే తోలు కింద చుక్కంత మందు ఎక్కించి దద్దు లేస్తదా అని చూసుడు. స్పిరిట్ దూది పెట్టంగనే సునీత చెయ్యి వెనుకకు గుంజుకున్నది. సూదికి భయపడేటోళ్లు సూదిని చూస్తరు, లేకుంటే కండ్లు మూసుకుంటరు. ఈ పిల్ల అత్త మొకం చూసింది. ఏదో దాస్తున్నదనిపించింది.

"మంగ్లక్కా, పిల్ల ఏం తిన్నట్టు లేదు. బయట హోటల్ల ఇడ్లీ తేపో," అని ఆమెను పంపి, మంచం అంచున కూసున్న. మానుకోట కాడ నేర్చిన వచ్చీరాని లంబాడి కలిపి మళ్ల అడిగిన.

"పెండ్లికి ముందు జ్వరమొస్తే మా ఊర్ల ఆర్‌ఎంపీ పెన్సిలిన్ సూది ఇచ్చిండక్కా," అన్నది సన్నగ. "మూతి ఉబ్బింది, ఊపిరాడలే. వరంగల్ దవాఖానకు కొంటవోయిన్రు. బతుకదన్నరట."

"మరి మీ అత్తకు ఎందుకు చెప్పలే?"

"మా యాడి చెప్పొద్దన్నది. రోగం పిల్లను అంటగట్టిన్రు అంటరట." యాడి అంటే వాళ్ల భాషల అమ్మ. "తెలిస్తే నన్ను తోలేస్తరు. నీ కాళ్లు మొక్కుత అక్కా, చెప్పకు."

సిరంజి తీసి ట్రేల పెట్టేసిన. ఇసొంటి మనిషికి ఆ చుక్క మందే చాలు, పానం మీదికి తెచ్చేటందుకు. ఉరికి పోయి సారుకు చెప్పిన. ఆయన ఆ జాతి కాని క్లిండమైసిన్ రాసిండు. అది ఎక్కుతున్నంత సేపు పిల్ల పక్కకెల్లి కదలలేదు నేను.

పరేషాన్ అంతటితోని పోలే. రేపు తండాల జ్వరమొస్తే ఆర్‌ఎంపీ సంచిల ఉండేది ఆ మందే. అప్పుడు ఈ పిల్ల సోయిల లేకుంటే ఎవలు చెప్తరు? అత్తే చెప్పాలె, అత్తకేమో తెల్వదు. చెప్తే సంసారం ఏమైతదో, చెప్పకుంటే పానం ఏమైతదో.

"నువ్వు ఒప్పుకోకుంటే నేను చెప్పను బిడ్డా," అన్న. "కానీ నీకు మాట రాని రోజు నీ తరఫున ఎవలు మాట్లాడాలె?"

శానా సేపు ఏడ్చింది. ఆఖరికి, "నువ్వే చెప్పు, నా పక్కన కూసొని చెప్పు," అన్నది.

మంగ్లి వచ్చినంక చెప్పిన. ఆమె లంబాడిల ఏదో గట్టిగ అన్నది, ఇడ్లీ పొట్లం మంచం మీద పడేసి బయటికి పోయింది. సునీత నా చెయ్యి వదల్లే. కిటికీల కెల్లి చూస్తే మంగ్లి వరండాల గోడకు ఒరిగి ఎవల మీదనో ఫోన్ల అరుస్తున్నది. ఒక కొంప కూల్చిన్నేమో అని భయమైంది నాకు. మంచిగున్నదాన్ని ఎందుకు కెలికిన్ననుకున్న.

శానా సేపటికి లోపలికొచ్చింది. కోడలి దిక్కు చూడలే, నా ముందట నిలబడ్డది.

"ఆ మందు పేరేంది?"

"పెన్సిలిన్ అక్కా. పిల్ల మీద కోపం..."

"కోపం ఇంటికి పోయినంక చూసుకుంట. వాళ్ల యాడిని సుత అడుగుత. పిల్ల సంగతి నాకు చెప్పకుంటే ఇంకెవలికి చెప్తది? నువ్వు పేరు మళ్ల చెప్పు."

ఆమెకు సదువు రాదు, నాలుక తిరగలే. "పెనిసిలి" అన్నది, సరిచేసిన, మళ్ల అన్నది. అదే జాతి యాంపిసిలిన్, అమాక్సిసిలిన్ పేర్లు సుత నేర్పిన. పేరు యాదికి లేకుంటే, ఈ పిల్లకు పెన్సిలిన్ పడదు అని ఒక్క మాట ఎవలికైనా చెప్పమన్న.

అప్పటిసంది నేను వెంట వచ్చినోళ్లను బయటికి పంపినంకనే అడుగుత. జవాబు విన్నంక, పేషెంట్ ఒప్పుకుంటే, మళ్ల లోపలికి పిలిచి చెప్త. ఈ రెండోదానికే ఇప్పటికీ నాకు చెమటలు వడ్తయి. కాలు తగ్గి సునీత ఇంటికి పోయే రోజు మంగ్లి ఆటో డ్రైవర్‌కు సుత చెప్తున్నది, "మా పిల్లకు పెన్సిలిన్ పడదు బిడ్డా, యాదికుంచుకో" అని.