కత్తెర దూకే చదరంగం

మా మామయ్య నలభై ఏళ్లు దుకాణాలకు బోర్డులు రాశాడు. చేతిలో కుంచె ఉన్నంతసేపు మనిషి వెన్న, కింద పెడితే తగువే. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. అలాంటి ఇద్దరం మూడు నెలలు ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నామంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

అదంతా దర్జీ బాబాయ్ కోసం. మామయ్యకు చిన్ననాటి నేస్తం ఆయన. సాయంత్రం కొట్టు కట్టేసి వస్తే, మామయ్య ముందుగదిలో ఇద్దరికీ చదరంగమే లోకం. మామూలు ఆట విసుగొచ్చి వరసకు పది గళ్ల బల్ల చేసుకున్నారు. కోటు గుండీల మీద మామయ్య బొమ్మలు గీస్తే అవే పావులు. కత్తెర అనే కొత్త పావు బాబాయ్ కనిపెట్టిందే. ఐమూలగా రెండు గళ్లు దూకుతుంది, మధ్యలో ఎవరున్నా లెక్కచేయదు.

అలాంటిది బాబాయ్ కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్లిపోవాల్సి వచ్చింది. "ఆట ఆగిపోతే వాడు మంచం పట్టేస్తాడే" అన్నాడు మామయ్య. అందుకే ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆడుకునేలా ప్రోగ్రామ్ నేను రాయడం మొదలుపెట్టాను, తెర మీది బల్లా పావులూ గీయడం ఆయన వంతు.

అట్టముక్కల మీద ఆయన గీసిన పావులు అరచేయంత ఉండేవి, నల్లటి మందపాటి గీతలతో. నేను వాటిని కుదించి, నీడలు పెట్టి, లేత గోధుమ రంగు వేసి ముద్దుగా తయారుచేశాను.

"ఎవడికి కనపడుతుందే ఇది? బస్సులో పోయేవాడు చదవలేని బోర్డు బోర్డే కాదు."

"బాబాయ్ బస్సులోంచి ఆడడు కదా మామయ్యా."

ఆయన ఏదో అనబోయి ఆగిపోయాడు. మామయ్య మాట మింగడం నేనెన్నడూ చూడలేదు. నాదే పైచేయి అనుకుని మురిసిపోయాను, మొద్దు మొహం దాన్ని.

ప్రయాణం వారం ఉందనగా బాబాయ్ వచ్చి తెర ముందు కూర్చున్నాడు. నాలుగో ఎత్తుకే కంప్యూటర్ టింగుమంది. ఈ ఎత్తు చెల్లదని తెర మీద పడింది. పావును వేలితో మళ్లీ జరిపాడు. మళ్లీ టింగు.

"అది కత్తెర కాదు బాబాయ్, గుర్రం" అన్నాను.

బాబాయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"ఎన్నాళ్ల నుంచిరా?" అన్నాడు మామయ్యతో.

"ఏంటి?"

"నేను తప్పు ఎత్తులేస్తుంటే నువ్వు ఊరుకోవడం."

"రెండేళ్లు."

"మరి నేను గెలిచినవి?"

మామయ్య తల దించుకున్నాడు. బాబాయ్ చూపు మందగించిందని ఆయనకు తెలుసు. గుర్రం కత్తెరలా దూకినా, సరేనని అక్కణ్నుంచే ఆట సాగించేవాడు. ఆ గుట్టు నా ప్రోగ్రామ్ ఒక్క టింగుతో బయటపెట్టేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ అడ్డు తీసేస్తాను బాబాయ్. ఐదు నిమిషాల పని."

"వద్దమ్మా. వీడికి నా మీద జాలి. ఈ కంప్యూటర్‌కి లేదు, ఉండనీ. నాకు కనపడేలా మాత్రం చెయ్యి."

మర్నాడే అట్టముక్కలు బయటికి తీశాను. నా నీడలూ నా గోధుమ రంగూ పోయాయి. పసుపు గళ్లలో నల్లటి పావులు నిండుగా నిలబడ్డాయి. వేలు పెట్టగానే పావు పేరు పైకి వినపడేలా చేశాం. గొంతు మామయ్యదే. గుర్రం అని చెప్పమంటే గుర్రాన్ని తిట్టినట్టు చెప్పాడు. ఎనిమిదిసార్లు చెప్పించినా అంతే, అలాగే ఉంచేశాను.

ప్రయాణానికి ముందురోజు ఇద్దరూ రెండు గంటలు ఆడారు. ఒక్కసారి కూడా టింగు వినపడలేదు. చివర్లో బాబాయ్ తెర మీదికి వంగి, తన రాజుకు దారి దొరుకుతుందేమోనని ఒక్కో గడీ వేలితో తడిమాడు. ఎక్కడా దారి లేదు.

"ఓడిపోయానురా" అన్నాడు, మొహం ఇంత చేసుకుని నవ్వుతూ.

"అవున్రా, ఓడిపోయావు" అంటూ మామయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు.