నేను బిగించిన బద్ద

మొన్న మా అన్న పెద్దకర్మకి ఊరెళ్ళి, భోజనాలయ్యాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక ఒడ్డుకి నడిచాను. సరదాకి వచ్చినవాళ్ళెవరో రెండు సన్నటి దోనెల్ని పక్కపక్కన జోడించిన చిన్న తెరచాప పడవని ఇసకలో నిలబెట్టారు. ఒకతను చాపకి అడ్డంగా దూర్చిన బద్దల్ని, కొసనున్న తాడు లాగి, ఒక్క ముడత లేకుండా బిగిస్తున్నాడు. వద్దు బాబూ, కాస్త వదులు చెయ్యి అనబోయి, ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక వెనక్కి వచ్చేశాను.

మా రోజుల్లో తెప్పంటే దుంగలు కట్టిన తెప్పే. మీలో సముద్రపొడ్డున పెరిగినవాళ్ళకి ఎరుకే, మామూలుగా దాని చాపకి బద్దలుండవు. మా ఊళ్ళో ఆ అలవాటు ఒక్క మా అయ్యకే ఉండేది. చాప రెపరెపలాడితే వచ్చిన గాలి దండగని, వెదురు చీల్చి నున్నగా గీకి, అమ్మ కుట్టిన సన్నటి తొడుగుల్లోకి దూర్చేవాడు. వాటిని తాడుతో బిగించే పని, నా వేళ్ళు సన్నగా ఉంటాయని, నాది. వదులైతే గుడ్డ ముడతలు పడి గాలి నిలవదు. బిగువైతే బద్ద విల్లులా వంగి, చాప ఒకవైపే ఉబ్బిపోయి, తెప్ప తిప్పినప్పుడు రెండోవైపుకి రానని మొరాయిస్తుంది. పైగా నూలుతాడు తడిస్తే ఇంకా బిగుస్తుంది కనక, ఒడ్డున కట్టేటప్పుడే ఒకటి రెండు ముడతలు మిగల్చాలి. ఆ ముడతల చాపని చూసి అమ్మలక్కలు నవ్వితే, అయ్య "నవ్వుకోనీయే, గాలికి సోకులేటి?" అనేవాడు.

నాకు మాత్రం సోకు కావలసి వచ్చింది. కొత్త చాప కట్టిన రోజు, ఒడ్డంతా చూస్తుందని, బద్దలన్నీ ఇస్త్రీ చేసినట్టు లాగి కట్టాను. అయ్య వలలు మోసుకొస్తుండగా అన్న ఒక బద్దని బొటనవేలితో నొక్కి చూసి, మురిసిపోతున్న నా మొహం చూసి, బద్దని అలాగే వదిలేసి తెప్ప ఎక్కాడు. తిరిగి వచ్చేటప్పుడు, కెరటాలు విరిగేచోట తెప్ప తిప్పబోతే చాప తిరగలేదు. అడ్డం పడ్డ తెప్పని కెరటం బోర్లా వేసింది, దుంగల కింద అన్న మోకాలు నలిగిపోయింది.

ఒడ్డున అన్నని పడుకోబెట్టి, అయ్య బద్దలు తడిమి, ఇలా బిగించిందెవరని అరుస్తుంటే, నేను నోరు తెరిచేలోపే అన్న "సెల్లి కట్టింది వదులుగా ఉన్నాదని నానే బిగించీసినాను" అన్నాడు. ఆ వారమే విజయనగరం నుంచి పెళ్ళివారు నన్ను చూసుకోవడానికి వస్తున్నారు. తెప్ప ముంచిన పిల్లని ఎవరు చేసుకుంటారు? అన్న ఎందుకలా అన్నాడో నాకు అప్పుడే అర్థమైంది, అర్థమయ్యే నోరు మూసుకున్నాను.

అన్న మళ్ళీ సముద్రంలోకి వెళ్ళలేదు, కాలు ఈడ్చుకుంటూ ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేస్తూ బతికాడు. అయ్య పోయేదాకా కొడుకుని సోకులోడనే పిలిచాడు. నేను భర్తా పిల్లలతో పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆ పిలుపు విని, తలవంచుకుని, అన్నం కలుపుకుని తిన్నాను. అయ్య పోయాక ఒకసారి ధైర్యం చేసి అన్న దగ్గర ఆ మాట మొదలుపెట్టబోతే, చేతిలోని వల చూపి, "ఊరుకోయే, ఈ కొస పట్టుకో, ముడి జారిపోతాది" అన్నాడు. పట్టుకున్నాను. అంతే నా ధైర్యం.

ఇప్పుడు మా ఊళ్ళో దుంగల తెప్ప ఒక్కటీ లేదు, అన్నీ ఇంజను పడవలే. చాప కుట్టే చేతులూ లేవు, తాడు బిగువు వేలితో తెలుసుకునేవాళ్ళూ లేరు. పెద్దకర్మ నుంచి తిరిగొస్తూ బస్సులో మనవరాలికి మొత్తం చెప్పేశాను. పాపం, శ్రద్ధగానే వింది. బద్దంటే ఏమిటి, బిగిస్తే ఏమవుతుంది అని రెండుసార్లు అడిగి, చివరికి నా చెయ్యి నిమిరి, "పోనీలే అమ్మమ్మా, చిన్న తాడే కదా, నువ్వేమైనా కావాలని చేశావా" అంది.

చిన్న తాడే. కాదని చెప్పగలిగినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తప్పేమిటో తెలియని పిల్ల క్షమిస్తే నా గుండె బరువు దిగుతుందా? నన్ను తిట్టడానికి ఒక్క మనిషీ మిగల్లేదు.