నీళ్లు కలపని ఫ్రేములు

బన్సీలాల్‌పేట్‌లో తండ్రి సోమయ్య పెట్టిన పాల కేంద్రాన్ని ఇప్పుడు హిమజే నడుపుతోంది. మధ్యాహ్నం షట్టర్ దించిందంటే, మళ్లీ సాయంత్రం పాలు వచ్చేదాకా కంప్యూటర్‌లో తుపాకీ ఆటలే. పెళ్లయిన ఆడదానికి ఈ ఆటలేమిటని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం ఆమె ఎప్పుడో మానేసింది.

తెర మీద ఆట బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు పాడైతే, ఇంకోటి కొనడానికి రాంగోపాల్‌పేట్‌లో సత్యదేవ్ దుకాణానికి వెళ్లింది. అతను ఒకే ఆటను రెండు కార్డుల మీద పక్కపక్కన పెట్టి, తెర మీద సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని బొమ్మలు, మారుతున్నాయో చూపించాడు.

“చూడండి మేడమ్, పాత మోడల్ సెకనుకు డెబ్బై ఫ్రేములు, కొత్తది నూట ముప్పై. ధర కాస్త ఎక్కువే గానీ, ఇంక ఆలోచించేదేముందండీ?”

హిమజ మౌస్ అందుకుని రెండింటి మీదా ఆడి చూసింది. కొత్తదాంట్లో బొమ్మ నున్నగా జారుతోంది గానీ, మీట నొక్కాక తుపాకీ రవ్వంత ఆలస్యంగా పేలుతోంది. వేలికి తెలిసిపోయింది.

“నడుమల ఉత్తుత్తి ఫ్రేములు నింపే సెట్టింగ్ ఉంటది గదా. జెర అది బంద్ చేయండి.”

సత్యదేవ్ నసుగుతూనే ఆపాడు. నూట ముప్పై కాస్తా డెబ్బై రెండుకు దిగింది.

“అది అందరూ ఆన్‌లోనే పెట్టుకుంటారండీ,” అన్నాడు.

“అందరు కలుపుతరు, నువ్వు సుత కలుపు అని మా బాపుకు మస్తుమంది చెప్పిన్రు. ఆయన సుక్క నీళ్లు కలపలే. నేను సుత కలపలే.”

పాత మోడల్ డబ్బాను ఆమె తన వైపు లాక్కుంది.

“గిదే ఇయ్యిండ్రి. డెబ్బయ్యే గానీ, చిక్కగున్నయ్.”