గోడ పక్కన పడిన అంకె

కంటి ఆపరేషన్ అయ్యాక జ్లాటినా తిరిగి పనిలో చేరిన మొదటి నెలలోనే స్తామెన్ గోడ గొడవ వచ్చిపడింది.

రొడోపీ కొండల కింద ఉన్న ఆ చిన్న పట్నంలో, రొట్టెల దుకాణం పైన రెండు గదుల సర్వే ఆఫీసు. యజమాని బొజిదార్ ఇంజనీరు. జ్లాటినా అక్కడ పటాలు గీస్తుంది. పడుచుదనంలో ట్రేసింగ్ కాగితం మీద సిరాతో గీసేది, తప్పు పడితే బ్లేడుతో గీకేసేది. కంప్యూటర్లు వచ్చాక కొన్నాళ్లు ఏడ్చింది, తర్వాత నేర్చుకుంది. భర్త పోయినప్పుడు కూడా ఆగని పని, కళ్లలో పొర కమ్మాక ఆగింది. డాక్టరు పొర తీశాడు. లోకం మళ్లీ తేటగా కనబడింది గానీ, తన చూపు మీద తనకు నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. ప్రతి అంకెనూ వేలు పెట్టి రెండుసార్లు చదువుకునేది.

గోర్నో ద్రెనోవో ఊరి దారి వెడల్పు చేసే పని వచ్చింది. ఎవరి స్థలం ఎంతో, ఏ హద్దు ఎంత పొడవో చూపే పటం జ్లాటినా గీసింది. దాన్ని ఊరి పెద్ద తన కార్యాలయం తలుపుకు అంటించాడు. మర్నాడు పొద్దున్నే స్తామెన్ మెట్లెక్కి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, గొర్రెల కాపరి. టోపీ కూడా తీయలేదు.

"అమ్మా, మా నాన్న పేర్చిన రాతిగోడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే చుట్ట సగం కాలుతుంది. నువ్వేమో పద్దెనిమిది మీటర్లని రాశావు. మిగతాది ఎవరు మింగారు?"

అతని అనుమానం ఎవరి మీదో అతనే చెప్పాడు. గోడకు అవతలి వైపు అన్న భార్య కలీనా దొడ్డి. ఈ మధ్యే ఆమె దాన్ని రెండు చేసి, ఇల్లున్న భాగం కూతురికి రాసి, రేగు చెట్లున్న భాగం తనకు ఉంచుకుంది. ఆ విభజనలోనే తన గోడ సగం కలిపేసుకుందని స్తామెన్ నమ్మాడు. పటం చూసినప్పటి నుంచి వదిన గడప తొక్కలేదు. అన్న పోయాక ఒక్క రోజు కూడా ఆమె ఇంట కాఫీ తాగడం మానని మనిషి.

అతను వెళ్లాక జ్లాటినా తన మీదే అనుమానపడింది. కొలతలు నేనే తప్పుగా ఎక్కించానా? మూడును ఎనిమిది అనుకున్నానా? పటం తెరిచింది. గోడ పక్కన 18.35 అనే ఉంది. ఆ అంకెను చెరిపి, గోడ గీత మీద నొక్కి కంప్యూటర్ చేత మళ్లీ వేయించింది. అదే వచ్చింది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టింది. అదే. పనికి తిరిగి రావడమే తప్పు అనిపించి, బొజిదార్ దగ్గరికి వెళ్లి, ఇక తనను పని నుంచి వదిలేయమని చెప్పేసింది.

బొజిదార్ ఆ మాట వినిపించుకోనట్టే కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. పటంలో స్తామెన్ స్థలం మధ్యలో రాసి ఉన్న విస్తీర్ణం అంకెను పాత పత్రంతో పోల్చి చూశాడు. రెండూ ఒకటే.

"జ్లాటినా అక్కా, నేల తగ్గలేదు కదా. నేల తగ్గకుండా గోడ ఎలా తగ్గుతుంది?"

ఆ ప్రశ్నతో ఆమెలో భయం పోయి పంతం వచ్చింది. అంకెను పక్కన పెట్టి, తెర మీద గోడ ఈ మూలనూ ఆ మూలనూ నొక్కి మధ్య దూరం అడిగింది. 43.60 వచ్చింది. అంటే గీత నిజం, దాని పక్కన రాత అబద్ధం. తన చేయి తప్పు చేయలేదు.

మరి రాత ఎందుకు తప్పింది? బొమ్మను పెద్దది చేసుకుంటూ గోడ వెంట నెమ్మదిగా వెళ్లింది. ఒకచోట అవతలి వైపు నుంచి ఒక గీత వచ్చి గోడకు తగిలి ఆగింది. కలీనా దొడ్డిని రెండు చేసిన గీత అది. అది తగిలిన చోటే గోడ రెండు ముక్కలైనట్టు కంప్యూటర్ లెక్కవేసింది. జ్లాటినా నొక్కింది మొదటి ముక్క మీద. అది ఆ ముక్క పొడవే చెప్పింది. రెండో ముక్కను అడిగితే 25.25 అంది.

కంప్యూటర్ అంకెలు వేసే తీరును మార్చే చోట వెతికితే, పక్క స్థలాల గీతలు తగిలినా లెక్కచేయకుండా హద్దు మొత్తం కొలవమని చెప్పే వీలు దొరికింది. దాన్ని ఎంచుకోగానే గోడ పక్కన 43.60 వెలిసింది. జ్లాటినా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, మొహం రెండు చేతుల్లో దాచుకుంది. బొజిదార్ కింది దుకాణానికి వెళ్లి, జున్ను పెట్టి కాల్చిన వేడి బనిత్సా తెచ్చాడు.

ఆ మధ్యాహ్నమే కొత్త పటంతో ఇద్దరూ ఊరికి వెళ్లారు. అంకెల మాట స్తామెన్‌కు సగమే అర్థమైంది, అందుకని జ్లాటినా కొలత టేపు తీసి ఒక చివర అతని చేతికిచ్చింది. రెండో చివర పట్టుకోవడానికి కలీనానే పిలిచింది. ఆమె నడుం మీద చేయి పెట్టుకుని వచ్చింది. గోడ పొడవునా టేపు సాగింది. జ్లాటినా వంగి, ఈసారి వేలు పెట్టకుండానే చదివింది: నలభై మూడు మీటర్ల అరవై.

స్తామెన్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "వదినా, నేను..."

"తెలుసులే. నీ గోడను మడిచి నా పెట్టెలో దాచుకున్నానని ఊరంతా చెప్పావట. రా, కాఫీ పొయ్యి మీద పెట్టే వచ్చాను."

అతను తల వంచుకుని ఆమె వెనకే నడిచాడు. జ్లాటినా టేపు చుడుతూ, ఇంకే హద్దులకు ఇలా పక్కగీతలు తగులుతున్నాయో రేపు చూడాలని బొజిదార్‌తో అంది. పని నుంచి వదిలేయమన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.